విశాఖ సంఘాల్లో తెలుగు చదవలేని పిల్లల గురించి

సంపాదకులకు,

నమస్కారం. విదేశాల్లోని మనవారి పిల్లలు తెలుగుకు దూరమవుతున్నారని ఈ మధ్య మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసాన్ని, దాని మీద అచ్చయిన పాఠకుల ఉత్తరాలను చదివాను. తప్పు పిల్లలదనో, వారిని కన్నవారిదనో దాదాపు అందరూ తేల్చేశారు. ముప్పై రెండేళ్లు ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పి, అంతకంటే ఎక్కువ కాలంగా విశాఖలోని మా క్రైస్తవ సంఘంలో సండే స్కూలు నడుపుతున్న నాకు ఆ తీర్పు సరైనదిగా తోచలేదు. నిరుడు వేసవిలో అమెరికాలో మా అమ్మాయి దగ్గర అయిదు నెలలు ఉన్నప్పుడు చూసినవీ, తిరిగి వచ్చాక మన ఊళ్లోనే చూస్తున్నవీ కలిపి ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పెద్దదయింది. స్థలం చాలకపోతే అంకెలు తీసివేయండి, పిల్లల మాటలు మాత్రం ఉంచండి.

మా అమ్మాయి వాళ్లు టెక్సస్ రాష్ట్రంలో డాలస్ నగరం శివార్లలో ఉంటారు. అక్కడి తెలుగు క్రైస్తవ సంఘానికి సొంత మందిరం లేదు. మెక్సికో, ఎల్ సాల్వడార్, హోండురాస్ దేశాల నుంచి వలస వచ్చినవారి స్పానిష్ బాప్టిస్టు సంఘం మందిరాన్నే ఆదివారం మధ్యాహ్నాలు అద్దెకు తీసుకుంటారు. వారి ఆరాధన ఒంటిగంటకు ముగుస్తుంది, మనవారిది రెండున్నరకు మొదలవుతుంది. ఆ మధ్య గంటన్నర వంటగది ఇద్దరిదీ. వారి స్త్రీలు కాఫీ పాత్రలు కడుగుతూ ఉంటే మనవాళ్లు పులిహోర గిన్నెలు, పెరుగన్నం డబ్బాలు దింపుకుంటూ ఉంటారు. మూడో ఆదివారం అక్కడ నాకు ఒక పెద్దావిడ పరిచయమయ్యారు. మొక్కజొన్న పొత్తుల ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికించిన తమాలె ఒకటి ఆమె నా చేతిలో పెట్టారు, నేను ఆమెకు పులిహోర పెట్టాను. ఆమెకు ఇంగ్లిషు రాదు, నాకు స్పానిష్ రాదు. మా ఇద్దరికీ మాట కలిపినవాడు పదమూడేళ్ల మా మనవడు. బడిలో రెండో భాషగా స్పానిష్ చదువుతున్నాడు. ఆమె చెప్పిన దాన్ని కొంత ఇంగ్లిషులోకి, కొంత తనకు వచ్చిన తెలుగులోకి మార్చి నాకు వినిపించాడు.

ఆమె రోజూ రాత్రి మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని ప్రార్థన చేస్తారట. ఆ పిల్లకు స్పానిష్ అంతంత మాత్రం. అవ్వ ఏమడుగుతోందో తెలియదు గాని, అవ్వ ఊపిరి ఎక్కడ ఆగుతుందో తెలుసు, అక్కడ ఆమెన్ అంటుంది. "దాని పేరెత్తి దేవుడి దగ్గర ఏడుస్తాను. ఎందుకు ఏడుస్తున్నానో దానికి తెలియదు" అన్నారామె. మా వాడు ఈ మాటను తెలుగులో పెట్టడానికి చాలాసేపు తడుముకుని, చివరకు, "అమ్మమ్మా, నువ్వు ప్రేయర్ చేసేటప్పుడు నేను కూడా అంతే" అన్నాడు.

ఆ మాట విన్నప్పటి నుంచి ఆ స్పానిష్ సంఘాన్ని నేను మన సంఘాన్ని చూసినట్టే చూడడం మొదలుపెట్టాను. ఉదయం ముందుగానే వెళ్లి వారి ఆరాధనలో వెనుక వరుసలో కూర్చునేదాన్ని. తొమ్మిదిన్నరకు పిల్లలకు, యువకులకు ఇంగ్లిషు ఆరాధన ఉంటుంది. టెక్సస్‌లోనే పుట్టిన ఒక యువకుడు దాన్ని నడుపుతాడు. పదకొండింటికి పెద్దలకు స్పానిష్ ఆరాధన. ఇంగ్లిషు ఆరాధన పెట్టిన కొత్తలో పెద్దలు, ఇక సంఘం పని అయిపోయినట్టేనని బాధపడ్డారట. పెట్టకపోతే ఈ పిల్లలు హైవే పక్కనున్న పెద్ద అమెరికన్ చర్చికి పోతారని, అప్పుడు మన మధ్య వారి ముఖాలు కూడా కనబడవని పాస్టరు గారు నచ్చజెప్పారట. నెలకొక ఆదివారం మాత్రం రెండు ఆరాధనలూ కలిపి ఒకటే జరుపుతారు. ఆ రోజు ఒక అవ్వ గాని, తాత గాని లేచి ఒక కీర్తనను స్పానిష్‌లో ఒక వచనం చదివితే, వారి ఇంటి పిల్లలే తరువాతి వచనాన్ని ఇంగ్లిషులో చదువుతారు, మళ్లీ మొదటి నుంచి భాషలు మార్చుకుని చదువుతారు. రెండోసారి స్పానిష్ పిల్లల వంతు. అందుకోసం ఆ వారమంతా ఇంట్లో ఆ పిల్ల అవ్వ దగ్గర కూర్చుని చదవాలి. ఆ కిటుకు నాకు చాలా నచ్చింది. బోధనా పద్ధతుల మీద నేను హాజరైన ఏ శిక్షణ తరగతిలోనూ ఇంత సులువైన పద్ధతి చెప్పలేదు.

ఆ సమాజంలో జరుగుతున్న మార్పు చిన్నది కాదు. అమెరికాలో సర్వేలు జరిపే ప్యూ పరిశోధన కేంద్రం లెక్కల ప్రకారం 2010లో అక్కడి లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న) పెద్దల్లో నూటికి 67 మంది క్యాథలిక్కులు కాగా 2022 నాటికి 43 మందే మిగిలారు. ఏ మతమూ లేదని చెప్పేవారు అదే కాలంలో నూటికి 10 నుంచి 30కి పెరిగారు. 18 నుంచి 29 ఏళ్ల వయసువారిలోనైతే దాదాపు సగం మంది ఆ మాటే చెబుతున్నారు. ఇలా చెప్పేవారు వలస వచ్చినవారిలో నూటికి 21, అక్కడే పుట్టినవారిలో 39. ఇదంతా భాష పోవడం వల్లనే అనడం తొందరపాటు. అమెరికాలో తెల్లవారి చర్చీల్లోనూ బెంచీలు ఖాళీ అవుతున్నాయి. అయితే తల్లిదండ్రుల దేవుడు తల్లిదండ్రుల భాషలోనే ఉండిపోతే, ఇల్లు విడిచి కాలేజీకి వెళ్లిన పిల్ల రెండింటినీ ఒకే పెట్టెలో పెట్టి ఇంట్లోనే వదిలి వెళ్లడం సహజమని నాకనిపిస్తుంది.

అదే సంస్థ 2023లో వెలువరించిన మరో అధ్యయనం నన్ను ఇంకా ఆలోచింపజేసింది. అమెరికాలో మూడో తరం, ఆ పై తరాల లాటినోల్లో మూడింట రెండు వంతుల మంది స్పానిష్‌లో సరిగా సంభాషించలేరు. రాబోయే తరాలు స్పానిష్ మాట్లాడడం ముఖ్యమని లాటినోల్లో నూటికి 85 మంది అంటున్నారు, కాని స్పానిష్ రాకపోతే లాటినో కాకుండా పోరని 78 మంది అంటున్నారు. స్పానిష్ రానివారిలో, అంతంత మాత్రం వచ్చినవారిలో సగానికి పైగా, సాటి లాటినోలే తమను ఆ కారణంగా చిన్నబుచ్చారని చెప్పారు. అలాంటి పిల్లలకు "నో సాబో" అని ఒక ఎత్తిపొడుపు పేరు కూడా పెట్టారు. "నాకు తెలియదు" అనడానికి స్పానిష్‌లో "నో సే" అనాలి. పిల్లలు మిగిలిన క్రియల పద్ధతిలో "నో సాబో" అంటారు. వ్యాకరణం చెప్పిన మనిషిగా చెబుతున్నాను, అది తెలివితక్కువతనం వల్ల వచ్చే తప్పు కాదు. సూత్రాన్ని పట్టుకుని, మినహాయింపును ఇంకా వినని పిల్లలు చేసే తప్పు. మా మనవడు "రాను" అనవలసిన చోట "వచ్చను" అంటాడు. వాడి బుర్రలో తెలుగు వ్యాకరణం పనిచేస్తున్నదనడానికి అదే రుజువు. ఆ మాటకు నవ్విన పెద్దలకు అది కనబడదు.

ఇక్కడ చరిత్ర ఒకటి చెప్పాలి. టెక్సస్ బళ్లలో ఒకప్పుడు స్పానిష్ మాట్లాడిన పిల్లలను దండించేవారు. మెక్సికో నుంచి వలస వచ్చిన దంపతులకు 1935లో శాన్ ఆంటోనియోలో పుట్టిన విర్జీలియో ఎలిజోండో అనే క్యాథలిక్ గురువు ఆ కాలంలో పెరిగినవారే. రెండు సంస్కృతుల నడుమ పెరిగిన మనిషి రెంటికీ చెడినవాడు కాడనీ, రెంటినీ కలుపుకుని కొత్తగా నిలబడినవాడనీ జీవితమంతా బోధించి, 1972లో అదే ఊళ్లో మెక్సికన్ అమెరికన్ల కోసం ఒక సాంస్కృతిక కేంద్రాన్ని నెలకొల్పారు. ఆ తరం అవ్వలను స్పానిష్ మాట్లాడినందుకు బడిలో కొట్టారు. ఇప్పుడు మనవరాళ్లను స్పానిష్ రానందుకు చర్చిలో నొచ్చుకునేలా మాట్లాడుతున్నారు.

మన సంగతి వేరని నేను అనలేను. మా అమ్మాయి ఈ ఊళ్లోనే ఒక ఇంగ్లిషు మీడియం బడిలో చదివింది. అక్కడ తెలుగు మాట దొర్లితే మాటకు ఒక రూపాయి జరిమానా. నెలాఖరున ఆ జరిమానా కట్టింది నేనే, తెలుగు పంతులమ్మను. బడి గేటు దగ్గర పర్సు తీసి చిల్లర లెక్కపెట్టి ఇచ్చాను గాని, ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ అమ్మాయి కొడుకుకు తెలుగు రాకపోతే ఇప్పుడు ఎవరిని తప్పు పట్టను?

లాటినో పిల్లలకు లేని కష్టం ఒకటి మన పిల్లలకు అదనంగా ఉంది. స్పానిష్‌కూ ఇంగ్లిషుకూ అక్షరాలు ఇంచుమించు ఒకటే. మాట మరచిన పిల్లలు కూడా తెర మీద పడ్డ పాటను కూడబలుక్కుని పాడగలరు. మా మనవడు వారి ఆరాధనలో స్పానిష్ పాటలను తడబడకుండా పాడడం నా కళ్లతో చూశాను. రెండున్నరకు మన ఆరాధన మొదలయ్యేసరికి అదే తెర మీద తెలుగు కీర్తన ఇంగ్లిషు అక్షరాల్లో ప్రత్యక్షమయింది. దీర్ఘాలు లేవు, ళకూ లకూ తేడా లేదు, ణకూ నకూ తేడా లేదు. "పాడుడి" అన్న మాటను వాడు "పడుడి" అని పాడాడు. పక్కన నిలబడి నేను చెవిలో సరిచేస్తే, "ఏం తేడా అమ్మమ్మా?" అని అడిగాడు. దేవుణ్ణి స్తుతించి పాడండని చెప్పే చోట కింద పడండని పాడుతున్న పిల్లవాడికి, ఆ తేడా చూపించే అక్షరాన్నే మనం తెర మీద నుంచి తీసివేశాం. పిల్లలకు సులువుగా ఉంటుందని చేసిన పని అది. కాని లిపి పోయాక భాష తిరిగి వచ్చే దారి మూసుకుపోతుంది. ఇది డాలస్‌కే పరిమితం కాదు. విశాఖలోని సంఘాల్లోనూ యువకుల కూటాల తెరలు ఇప్పుడు ఇలాగే ఉంటున్నాయి.

మాటలు కూడా సులువైనవి కావు. లాటినో ప్రొటెస్టెంట్లు ఎక్కువగా చదివే బైబిలుకు మూలం 1569లో కాసియోదోరో దె రెయినా చేసిన అనువాదం. 1602లో సిప్రియానో దె వలేరా దాన్ని సవరించారు. ఇప్పుడు వాడుకలో ఉన్న 1960 నాటి సవరణలో కూడా "మీరు" అనడానికి "వొసోత్రోస్" అనే మాట ఉంటుంది. ఆ మాట స్పెయిన్ దేశపు వాడుక. లాటిన్ అమెరికాలో ఇళ్లలో ఎవరూ అలా అనరు, "ఉస్తెదెస్" అంటారు. అంటే ఆ పిల్లలు ఇంట్లో కూడా వినని స్పానిష్‌ను చర్చిలో వింటున్నారు. మన పిల్లలు తెలుగు బైబిలులో "ఏలయనగా", "చేయకుడి", "వచ్చియున్నాడు" అన్నవి వింటున్నట్టే. ఆ గ్రాంథికపు గాంభీర్యం నాకు ప్రాణం, చిన్ననాటి నుంచి నా చెవిలో ఉన్న దేవుడి గొంతు అది. అయినా, పిల్లవాడికి అర్థం కాని తెలుగును పిల్లవాడి మీద రుద్దకూడదని మన ఉత్తరాంధ్రలోనే పుట్టిన గిడుగు రామమూర్తి గారు వందేళ్లకు పూర్వం ఎలుగెత్తి చెప్పారు. ఏటా ఆగస్టు 29న ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. ఆదివారం ఉదయం మాత్రం ఆయన మాట మరచిపోతాం.

విశాఖకు ఈ విషయంలో ఒక ప్రత్యేకమైన బాధ్యత ఉంది. లండన్ మిషనరీ సంఘం పంపిన జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ 1805లో ఈ రేవులో దిగి ముందుగా చేసిన పని తెలుగు నేర్చుకోవడం. ఆనందరాయరు అనే తెలుగు పండితుడి తోడ్పాటుతో ఇక్కడే తయారయిన మొదటి మూడు సువార్తల తెలుగు అనువాదం 1812లో బెంగాల్‌లోని సీరాంపూరులో అచ్చయింది. అప్పటికి ఆ దొరలిద్దరూ కన్నుమూశారు. వచ్చినవారు ఊరివారి భాష నేర్చుకున్న ఊరు ఇది. ఇప్పుడు ఇదే ఊళ్లో పుట్టిన పిల్లలు తమ ఊరి భాష చదవలేకపోతున్నారు. విమానం ఎక్కకుండానే, విశాఖ పొలిమేర దాటకుండానే మన పిల్లలు రెండో తరం వలసపిల్లలయ్యారు.

ఇంగ్లిషు ఆరాధనలను నేను వ్యతిరేకించడం లేదు. నగరంలో చాలా సంఘాలు వాటిని మొదలుపెట్టాయి, వాటి అవసరం ఉంది. నా బాధ వేరు. పిల్లలను ఒక హాలులోకి, పెద్దలను మరో హాలులోకి పంపిన తరువాత వారు మళ్లీ ఒక కప్పు కింద పాడే ఆదివారం ఏదీ మిగలడం లేదు. ఆ స్పానిష్ సంఘంలో పిల్లలు పెద్దలకు ఎంత ఆసరాగా ఉన్నారో చూశాను. చర్చీల్లో, బళ్లలో వలసదారుల అరెస్టులు సాధారణంగా జరపరాదన్న విధానాన్ని 2025 జనవరిలో అక్కడి ప్రభుత్వం తొలగించాక, గోడ మీద అంటించిన ఇంగ్లిషు నోటీసును పెద్దలకు స్పానిష్‌లో వివరించింది, వారితో ఆఫీసులకు తోడు వెళ్లింది ఆ ఇంగ్లిషు ఆరాధన పిల్లలే. భాష అంతంత మాత్రమే అయినా పనికి వచ్చింది.

పైపై వేడుకలని నేను ఒకప్పుడు కొట్టిపారేసిన వాటి మీద కూడా నా అభిప్రాయం మారింది. అక్కడ ఆడపిల్లకు పదిహేనేళ్లు నిండితే కిన్సెయానేరా అని ఘనంగా వేడుక చేస్తారు. చర్చిలో కృతజ్ఞతారాధన కూడా ఉంటుంది. నేను చూసిన వేడుకలో ఆ పిల్ల ఇంగ్లిషులోనే తన విశ్వాసం గురించి సాక్ష్యం చెప్పింది, కాని దీవెన మాత్రం అవ్వ నోటి నుంచి స్పానిష్‌లోనే కావాలని పట్టుబట్టింది. అవ్వ చేయి నెత్తిన పెట్టి మాట్లాడుతున్నంతసేపూ ఆ పిల్ల కళ్లు మూసుకుని వింది. మన అమ్మాయిలకు అమెరికాలో ఇప్పుడు చేస్తున్న ఓణీల వేడుకలు డబ్బు చూపించుకోవడానికేనని అనుకునేదాన్ని. అలాంటివీ ఉన్నాయి. కాని భాష దాటి వెళ్లిపోయిన పిల్ల మళ్లీ తలుపు తట్టేది ఒక్కోసారి ఆ ఓణీ దగ్గరే. మన రాస్ హిల్ మీద డిసెంబరు 8న కొండగుడి మరియమాత పండుగకు మెట్లెక్కే జనాన్ని, మెక్సికన్ క్యాథలిక్కులు జరిపే గ్వాదలూపె మరియమాత పండుగకు డిసెంబరు 12న తెల్లవారకముందే పూలతో బయలుదేరే జనాన్ని తలచుకుంటే, మా సంఘాల సంప్రదాయం వేరయినా, ఆచారానికి ఉన్న పట్టు ఏమిటో నాకు తెలుస్తుంది.

ఇక నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం. కొన్నేళ్ల క్రితం ఈ నగరంలో ఒక సంఘంలో, పిల్లల ఆదివారం నాడు, పన్నెండేళ్ల అమ్మాయిని వాక్యపఠనానికి పిలిచారు. ఆ పిల్ల లేత పసుపు పచ్చ గౌను వేసుకుని, రెండు చేతులతో బైబిలు పట్టుకుని నిలబడింది. రెండో వచనంలో "క్షేమాభివృద్ధి" అన్న మాట దగ్గర ఆగింది. మళ్లీ మొదలుపెట్టి మళ్లీ అక్కడే ఆగింది. ముందు వరుసలోని ఒక పెద్దమనిషి లేచి వెళ్లి, "తెలుగు చదవడం రాని వాళ్లను ఎందుకు నిలబెడతారు?" అంటూ ఆమె చేతుల్లోని గ్రంథాన్ని తీసుకుని తానే చదివారు. ఆయన కోపంతో చేయలేదు, వాక్యానికి అవమానం జరగకూడదనే చేసి ఉంటారు. ఆ పిల్ల ఖాళీ చేతులతో కాసేపు అక్కడే నిలబడి, తరువాత వచ్చి తల్లి పక్కన కూర్చుంది. నేను మూడో వరుసలో ఉన్నాను. లేచి ఆ మాటను విడదీసి చెప్పడానికి నాకు పట్టేది అరనిమిషం. లేవలేదు. ఆ తరువాత ఆ కుటుంబం మా మధ్య కనబడలేదు.

టెక్సస్ నుంచి వచ్చాక శనివారాలు సాయంత్రం మా ఇంటి వీధి గదిలో పిల్లలకు తెలుగు చదవడం నేర్పుతున్నాను. ఆరుగురితో మొదలయింది, ఇప్పుడు పదకొండు మంది. అక్షరమాల మొదటి నుంచి చివరి దాకా వల్లె వేయించను. ఆ వారం పాడబోయే కీర్తనలో ఉన్న అక్షరాలే ఆ వారం పాఠం. పాట ముందే నోటికి వచ్చి ఉంటుంది కనుక, రాత దానితో జతపడడానికి ఎక్కువ రోజులు పట్టదు. గ్రాంథికపు మాట వచ్చిన చోట దాని పక్కన ఇంట్లో మనం అనే మాటను పిల్లలే రాసుకుంటారు. "చేయుడి" పక్కన ఒకడు "చెయ్యండి" అని రాస్తే, ఇంకొకతె మా ఉత్తరాంధ్ర యాసలో "సెయ్యండి" అని రాసింది, రెండూ ఉంచాను. ప్రతి పిల్లకూ సంఘంలో ఒక పెద్ద తోడు. వాక్యపఠనం ఆ ఇద్దరూ కలిసి చేయాలి, పిల్ల ఆగితే పెద్దవారు మాట అందించాలి, పుస్తకం మాత్రం పిల్ల చేతిలోనే ఉండాలి.

నగరంలోని సంఘాల పాస్టరు గార్లకు, సంఘ పెద్దలకు మీ పత్రిక ద్వారా మూడు మనవులు చేసుకుంటున్నాను. తెర మీద కీర్తన వేసేటప్పుడు ఇంగ్లిషు అక్షరాలు వేస్తే వేయండి గాని, వాటి పైన తెలుగు లిపి కూడా తప్పక ఉంచండి. నెలకొక ఆదివారం రెండు ఆరాధనలూ కలపండి. శనివారం సాయంత్రం నాలుగు నుంచి అయిదున్నర వరకు సండే స్కూలు గది తాళం పిల్లల కోసం తీయించండి. చెప్పడానికి విశ్రాంత తెలుగు ఉపాధ్యాయులు ఈ ఊళ్లో ఎంతోమంది ఉన్నారు, ఏ మతం వారైనా అడిగితే కాదనరు. మా గదిలో పదకొండు మంది కూర్చుంటే కాళ్లు చాపుకోవడానికి చోటు లేదు, వచ్చే వారం మరో ఇద్దరు వస్తామన్నారు.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని,
మహారాణిపేట, విశాఖపట్నం.